బీరువా గట్టిదే, తాళంచెవి సంగతేంటి?

శుక్రవారం రాత్రి రిలీజ్ పెట్టకూడదని మన ఫీల్డులో అందరికీ తెలుసు. అయినా అందరూ శుక్రవారమే పెడతారు, అదో ఆచారం :) ఆ మధ్య మా ప్రాజెక్టులో కూడా అలాగే పెట్టారు. పదిన్నర ప్రాంతంలో డేటాబేసు ఒకసారి రీస్టార్ట్ చేశాం. అప్పటిదాకా బుద్ధిగా నడుస్తున్న రిపోర్టుల సర్వీసు ఒకటి, ఇక నేను డేటాబేసుకి కనెక్ట్ అవ్వనని మొండికేసింది.

ఆ సర్వీసు చూసేది టీములో చేరి నాలుగు నెలలైన ఒకమ్మాయి. పాస్‌వర్డ్ ఏమైనా తప్పుందేమోనని అనుమానం వచ్చింది పాపం. వికీ పేజీ తెరిచి, అందులో రాసున్న కమాండు అలాగే కొట్టి, వచ్చిన జవాబుని టీము చాట్ గ్రూపులో పెట్టేసి "ఇది కరెక్టేనా అండీ?" అని అడిగింది. ప్రొడక్షన్ డేటాబేసు పాస్‌వర్డ్, అక్షరం పొల్లుపోకుండా! ఆ గ్రూపులో మేం అరవైమందికి పైనే ఉన్నాం. అందులో కాంట్రాక్టు మీద టెస్టింగుకి వచ్చినవాళ్ళున్నారు, క్లయింటు వైపు వాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురున్నారు.

తరవాత ఏం జరిగుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అదే గ్రూపులో, అదే అరవైమంది ముందు మా లీడ్ నాలుగు కడిగేశాడు. అది చాలదన్నట్టు సోమవారం మీటింగులో ఇంకో ఇరవై నిమిషాలు, "మినిమమ్ సెన్స్" మీద ఉపన్యాసం. ఆ అమ్మాయి తల వంచుకుని లాప్‌టాప్ కేసి చూస్తూ కూర్చుంది. నేనూ ఆ మీటింగులోనే ఉన్నా. ఒక్క మాట మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో తరవాత చెప్తా, ముందు ఆ కమాండు సంగతి చూద్దాం.

ఈ గోలలో లేనివాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్తాను. ఏ అప్లికేషనుకైనా కోడు కాకుండా కొన్ని విలువలు కావాలి. డేటాబేసు ఎక్కడుంది, దాని పాస్‌వర్డ్ ఏంటి, పేమెంటు వాళ్ళిచ్చిన కీ ఏంటి, ఎన్ని సెకన్లు ఆగి వదిలెయ్యాలి, ఇలాంటివన్నమాట. ఒకప్పుడు ఇవన్నీ ప్రాపర్టీస్ ఫైల్లో రాసి కోడుతో పాటే పెట్టేసేవాళ్ళు. కొన్నిచోట్ల ఎక్సెల్ షీటు. దాని పేరు "పాస్‌వర్డ్స్ ఫైనల్ న్యూ 2". ఆ షీటుకి మళ్ళీ ఒక పాస్‌వర్డ్, అది కంపెనీ పేరు పక్కన 123 :) 2011లో హెరోకూ వాళ్ళు రాసిన పన్నెండు సూత్రాల్లో మూడోది ఈ విషయం గురించే. కాన్ఫిగరేషన్ని కోడులోంచి బయటికి తియ్యండి అంటారు. దానికి వాళ్ళు చెప్పిన పరీక్ష నాకు భలే నచ్చుతుంది. మీ కోడు మొత్తం ఈ క్షణాన ప్రపంచానికి చూపించేస్తే, ఒక్క రహస్యం కూడా బయటపడకూడదు. మన ప్రాజెక్టుల్లో ఎన్ని ఆ పరీక్ష పాసవుతాయో ఎవరికి వాళ్ళు ఆలోచించుకోండి.

బయటికి తీశాక ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. అమెజాన్ క్లౌడులో అయితే దానికి పారామీటర్ స్టోర్ ఉంది, 2016 చివర్లో వచ్చింది. మామూలు రకం పారామీటర్లు ఒక ఖాతాలో, ఒక రీజియన్లో పదివేల దాకా పెట్టుకోవచ్చు. ఒక్కోటి 4 కేబీ దాకా ఉండొచ్చు. దాచుకోవడానికి పైసా తీసుకోరు. పక్కనే 2018లో వచ్చిన సీక్రెట్స్ మేనేజర్ ఉంది కానీ దానికి ఒక్కో రహస్యానికి నెలకి 40 సెంట్లు. మన మేనేజర్లు ఏది ఎంచుకుంటారో చెప్పాలా? విలువని మామూలు స్ట్రింగుగా పెట్టొచ్చు, లేదా సెక్యూర్ స్ట్రింగుగా, అంటే గూఢలిపిలోకి మార్చి పెట్టొచ్చు. పేర్లు ఫోల్డర్లలాగా, బిల్లింగు కింద ప్రొడక్షన్, దాని కింద పాస్‌వర్డ్, అలా దొంతరగా పెట్టుకోవచ్చు. విలువ మార్చినప్పుడల్లా కొత్త వెర్షన్ అవుతుంది, పాతవి వంద దాకా ఉంచుతుంది. నిజంగా మంచి సరుకు, వంక పెట్టడానికేం లేదు.

తిరిగి తీసుకోవడం ఇంకా తేలిక. ఒకే ఒక్క లైను:

ఏడబ్ల్యూఎస్ ఎస్ఎస్ఎం గెట్-పారామీటర్ --నేమ్ /బిల్లింగ్/ప్రొడ్/డీబీ-పాస్‌వర్డ్ --విత్-డిక్రిప్షన్

(కొట్టేటప్పుడు మాత్రం ఇంగ్లీషులోనే కొట్టండి. తెలుగులో కొడితే దానికింకా అర్థం కాదు.)

కొత్తవాళ్ళు ఇక్కడ చేసే తప్పులు రెండున్నాయి, రెండూ నేను చేసినవే. మొదటిది, చివరి ముక్క మర్చిపోవడం. అది లేకపోతే గూఢలిపిలో ఉన్న బారెడు అక్షరాల చాంతాడు అలాగే వస్తుంది. దాన్నే పాస్‌వర్డ్ అనుకుని కాపీ చేసి గంటన్నర తలబాదుకున్న మహానుభావుణ్ణి నేను. రెండోది రీజియన్. ఈ పారామీటర్లు ఏ రీజియన్‌కి ఆ రీజియన్లోనే ఉంటాయి. అమెజాన్ వాళ్ళ ముంబై రీజియన్ 2016లో వస్తే, హైదరాబాదుది 2022 నవంబరులో వచ్చింది. మా విలువలన్నీ ముంబైలో ఉన్నాయి. మేం కూర్చునేది హైదరాబాదు, అందుకని ఎవరో కుర్రాడు లాప్‌టాప్‌లో హైదరాబాదు రీజియన్ పెట్టుకున్నాడు. అంతే, ఏది అడిగినా "అలాంటి పారామీటరు లేదు" అనే జవాబు. ప్రొడక్షన్లో పాస్‌వర్డులన్నీ ఎవరో చెరిపేశారని కాసేపు గుండె ఆగినంత పనైంది.

సరే, కమాండు దాని పని అది చేసింది. అడిగినవాడు ఎవరో చూసింది, అనుమతి ఉందా లేదా చూసింది, గూఢలిపి విప్పింది, జవాబు తెచ్చి తెర మీద పెట్టింది. అక్కడితో దాని బాధ్యత అయిపోయింది. అక్కణ్ణించి ఆ పాస్‌వర్డ్ ఎక్కడెక్కడికి పోతుందో చూడండి. తెర మీద ఉంది కాబట్టి మీటింగులో స్క్రీన్ షేర్ చేస్తే అందరికీ కనిపిస్తుంది. కాపీ చేస్తే క్లిప్‌బోర్డులోకి, అక్కణ్ణించి నోట్‌ప్యాడ్ లోకి. చాట్‌లో పెడితే అరవై ఫోన్ల లాక్ స్క్రీన్ మీదకి. తరవాత మెసేజ్ డిలీట్ చేసినా, నోటిఫికేషన్లో చదివేసినవాడి బుర్రలోంచి డిలీట్ చెయ్యలేం కదా. బిల్డ్ స్క్రిప్టులో ప్రతి లైనూ చూపించే ఆప్షను ఆన్ చేసి ఉంటే లాగ్ ఫైల్లోకి పోతుంది, ఆ లాగ్ నెలల తరబడి ఎక్కడో పడుంటుంది. కొత్త విలువ పెట్టేటప్పుడు కమాండులోనే పాస్‌వర్డ్ టైపు చేస్తే షెల్ హిస్టరీలో కూర్చుంటుంది. ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు. ఇక్కడ గుట్టు చెప్పడానికి విభీషణుడు కూడా అక్కర్లేదు, హిస్టరీ ఫైలు చాలు.

ఇదంతా వింటే మీరు కూడా మా లీడ్ లాగే "మరి ఆ అమ్మాయిది తప్పే కదా" అంటారేమో. చాట్‌లో పెట్టడం తప్పే, కాదనను. కానీ ఆ రాత్రి తనకి నిజంగా కావాల్సింది ఏంటో తెలుసా? పాస్‌వర్డ్ కాదు. అది ఎప్పుడు మారిందో తెలిస్తే చాలు.

జరిగింది ఇదీ. మూడు నెలలకోసారి మార్చాలన్న నియమం ప్రకారం ఆ బుధవారం ఎవరో పాస్‌వర్డ్ మార్చారు. డేటాబేసులోనూ మార్చారు, పారామీటర్ స్టోర్లోనూ మార్చారు. మిగతా సర్వీసుల్ని రీస్టార్ట్ చేసి, ఈ రిపోర్టుల దాన్ని మర్చిపోయారు. మేం వాడే కంటెయినర్ల పద్ధతిలో రహస్యాలు కంటెయినర్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారే లోపలికి వెళ్తాయి. తరవాత స్టోర్లో విలువ మారినా దానికి తెలీదు. ఇంకో చిక్కేంటంటే, పాస్‌వర్డ్ మారినా అప్పటికే తెరిచున్న కనెక్షన్లు తెగవు. అందుకని బుధవారం నుంచి శుక్రవారం దాకా ఆ సర్వీసు పాత కనెక్షన్ల మీదే హాయిగా బతికేసింది. మేం డేటాబేసు రీస్టార్ట్ చెయ్యగానే కనెక్షన్లు తెగాయి, మళ్ళీ పాత పాస్‌వర్డుతో తలుపు కొట్టింది, తలుపు తెరుచుకోలేదు. సర్వీసుని రీస్టార్ట్ చేస్తే రెండు నిమిషాల్లో అయిపోయేది.

ఇది కనుక్కోడానికి విలువ చూడక్కర్లేదు. డిస్క్రైబ్-పారామీటర్స్ అని ఇంకో కమాండుంది. అది పేరు, వెర్షను నెంబరు, ఆఖరిసారి ఎప్పుడు మార్చారు, ఎవరు మార్చారు, పక్కన రాసుకున్న వివరణ, ఇవన్నీ చెప్తుంది. విలువ మాత్రం చెప్పదు. "బుధవారం మారింది, నా సర్వీసు పోయిన నెల నుంచి నడుస్తోంది" అని ఆ అమ్మాయికి అర నిమిషంలో అర్థమయ్యేది. కానీ మా వికీ పేజీలో ఆ కమాండు లేదు. విలువని తెర మీదకి తెచ్చే కమాండు ఒక్కటే ఉంది. ఆ పేజీ చూసి పని నేర్చుకున్న మనిషి ఇంకేం చేస్తుంది?

ఇప్పుడు చెప్తా, నేను మీటింగులో ఎందుకు మాట్లాడలేదో. ఆ వికీ పేజీ రాసింది నేనే. రెండేళ్ళ కిందట, "అందరూ వచ్చి నన్నే అడుగుతున్నారు, ఒకచోట రాసి పడేస్తే నా ప్రాణానికి హాయి" అనుకుని పావుగంటలో రాశా. అది చాలక, టీములో ఎవరికీ అనుమతి అడ్డం రాకూడదని, ఏ పారామీటరైనా సరే చదవొచ్చని ఒక చుక్క గుర్తు పెట్టి పర్మిషన్ ఇప్పించింది కూడా నేనే. అప్పుడు అందరూ మెచ్చుకున్నారు, డెవలపర్ల పని తేలికైందని. అంటే బీరువా కొనిపించి, తాళంచెవులు అరవై చేయించి, ఒక్కొక్కరికీ ఇచ్చి, ఎలా తిప్పాలో బొమ్మలేసి మరీ చూపించింది నేను. తిట్లు తిన్నది ఆ అమ్మాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే, ఆ అత్త పక్కనే కూర్చుని కాఫీ తాగుతోందన్నమాట.

బీరువా అంటే గుర్తొచ్చింది. మా అమ్మమ్మ ఇంట్లో ఒక గోద్రెజ్ బీరువా ఉండేది. తాళంచెవి ఎప్పుడూ ఆవిడ బొడ్లోనే. పదిమంది మనవలం సెలవులకి పోయేవాళ్ళం, ఐస్ ఫ్రూట్ బండి వస్తే ఆవిడే లేచి, బీరువా తెరిచి, చిల్లర తీసి చేతిలో పెట్టేది. మాకు కావాల్సింది చిల్లర, తాళంచెవి కాదు. ఆవిడ ఏ రోజూ బీరువా తెరిచిపెట్టి వెళ్ళి, తరవాత డబ్బులు పోయాయని పిల్లల్ని బాదిన పాపాన పోలేదు. క్లౌడులో రోల్ అనే పద్ధతి ఇదే పని చేస్తుంది. అప్లికేషనుకి ఒక రోల్ ఇస్తే, తనకి కావాల్సిన పాస్‌వర్డ్ అదే వెళ్ళి తెచ్చుకుంటుంది. మధ్యలో మనిషి చెయ్యి పడదు, తెర మీద కనపడదు. కొన్ని డేటాబేసులకైతే పాస్‌వర్డే లేకుండా, 15 నిమిషాలు మాత్రమే పనిచేసే టోకెనుతో లోపలికి వెళ్ళే వీలు కూడా అమెజాన్ ఇచ్చింది. ఇవన్నీ మాకు తెలుసు. చేద్దాంలే, వచ్చే స్ప్రింటులో చేద్దాంలే అని రెండేళ్ళు గడిపాం.

ఈ అనుమతుల్లో రెండు గోతులున్నాయి, పనిలో పని చెప్పేస్తా, ఎవరికైనా ఉపయోగపడొచ్చు. ఒకటి ఆ ఫోల్డర్ల దొంతర. ఒకడికి బిల్లింగు అనే దారి మొత్తానికి, దారి పట్టి ఒకేసారి అన్నీ తెచ్చే కమాండు వాడుకునే అనుమతి ఇచ్చామనుకోండి. దాని లోపల ప్రొడక్షన్ పాస్‌వర్డ్ ఒక్కటి వద్దని విడిగా నిషేధం పెట్టినా, పైనుంచి లోపలికంతా తెమ్మని అడిగితే అదీ వచ్చేస్తుంది. ఇది పొరపాటు కాదు, అమెజాన్ వాళ్ళ డాక్యుమెంటులోనే రాసుంది. మనం చదవం అంతే. రెండోది గూఢలిపి విప్పే తాళం. బ్యాంకు లాకరుకి రెండు తాళంచెవులుంటాయి కదా, మనదొకటి, బ్యాంకుదొకటి. సెక్యూర్ స్ట్రింగు కూడా అలాంటిదే. పారామీటరు చదివే అనుమతి ఒకటి, గూఢలిపి విప్పే అనుమతి ఇంకోటి. కానీ ఏమీ చెప్పకపోతే వాళ్ళిచ్చే మామూలు కీ వాడేస్తుంది. ఆ కీ ఆ ఖాతాలో పారామీటరు చదవగలిగిన ఎవరికైనా సరే విప్పి పెడుతుంది. అంటే రెండో తాళం ఉన్నట్టే ఉంటుంది, తోస్తే తెరుచుకుంటుంది. మనమే విడిగా ఒక కీ చేయించుకుని, దానికి ఎవరెవరో పేర్లు రాస్తేనే అది నిజంగా రెండో తాళం అవుతుంది. మేం ఏం చేశామో చెప్పాలా... మామూలు కీ, పైన చుక్క గుర్తు.

ఇంకో సంగతి. మా లీడ్ కి అంత కోపం ఎందుకొచ్చిందా అని తరవాత ఆలోచించా. ఆయన చెడ్డవాడేం కాదు. పాస్‌వర్డ్ బయటపడింది, సరే, మార్చేస్తే పోయె కదా? అసలు బాధంతా అక్కడే ఉంది. మార్చాలంటే అది ఎవరెవరు వాడుతున్నారో తెలియాలి. ఆ జాబితా మా దగ్గర లేదు. ఉంటే బుధవారం రిపోర్టుల సర్వీసుని మర్చిపోయేవాళ్ళమే కాదు. ఆ రాత్రి ఒక్కో టీముకీ ఫోన్లు చేసి, నిద్రలేపి, "మీరీ డేటాబేసు వాడతారా" అని అడుక్కుంటూ తెల్లవారుజామున నాలుగింటికి ముగించాం. ముగించాం అనుకున్నాం. శనివారం పొద్దున్న, వారానికోసారి నడిచే పాత జాబు ఒకటి పడిపోయింది. ఎవరో ఎప్పుడో పాస్‌వర్డ్ చేత్తో దాని ఫైల్లో రాసి పెట్టారు. ఎవరు రాశారో ఆయన కంపెనీలోనే లేడు.

అంటే ఆ కోపం చాట్ మెసేజ్ మీద వచ్చింది కాదు. పాస్‌వర్డ్ మార్చడం అనేది మాకు చేతకాని పని అని ఆ రాత్రి అరవైమంది ముందు బయటపడింది, దాని మీద వచ్చింది. పది నిమిషాల్లో మార్చగలిగితే "సరే అమ్మా, ఇంకోసారి అలా పెట్టకు" అని ఊరుకునేవాళ్ళం.

తరవాతి వారం కూర్చుని క్లౌడ్‌ట్రెయిల్ చూశా. ఎవరు ఎప్పుడు ఏ పారామీటరు అడిగారో అందులో పడుతుంది, 90 రోజుల చరిత్ర ఊరికే చూసుకోవచ్చు. విలువ మాత్రం అందులో ఉండదు, భయపడక్కర్లేదు. ఆ ఒక్క పాస్‌వర్డుని మూడు నెలల్లో లాప్‌టాప్ నుంచి అడిగిన మనుషులు తొమ్మిదిమంది. అందులో ఆ అమ్మాయి ఒకర్తి. నేనొకణ్ణి. మా లీడ్ కూడా ఒకడు :) ఈ చరిత్ర చూస్తే ఏ సర్వీసులు వాడుతున్నాయో జాబితా కూడా చాలావరకు దొరికింది. చేత్తో రాసుకున్నవాళ్ళు ఇందులో కనపడరనుకోండి, వాళ్ళని వెతకడానికి వేరే తిప్పలు పడ్డాం.

దీనికి మామూలుగా మన కంపెనీలు చెప్పే మందు "ట్రైనింగ్". ఏడాదికోసారి సెక్యూరిటీ కోర్సు, నలభై స్లైడులు, నెక్స్ట్ నెక్స్ట్ నొక్కుకుంటూ పోతాం, చివర్లో "మీ పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పొచ్చా?" అని ప్రశ్న. ఆ అమ్మాయికి అందులో నూటికి నూరు మార్కులు వచ్చాయి. నాకూ వచ్చాయి. అర్ధరాత్రి పన్నెండుకి సర్వీసు పడిపోయి, పైనుంచి ముగ్గురు "వాట్ ఈజ్ ది స్టేటస్" అని అడుగుతుంటే స్లైడులు గుర్తు రావు. ఎదురుగా ఏ దారి ఉంటే ఆ దారిలో పోతాం.

"మరి మనుషులకి అసలు అనుమతే తీసేస్తే, నిజంగా అవసరం పడ్డప్పుడు ఏం చేస్తావోయ్" అని ఒక ఫ్రెండ్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అవసరం పడుతుంది. దానికి విడిగా ఒక రోల్ పెట్టాం. ఎందుకు కావాలో ఒక లైను రాసి, ఇంకొకరు సరే అంటే, గంటసేపు పనిచేస్తుంది, తరవాత దానంతటదే పోతుంది. మొదటి నెల అందరూ సణిగారు. తర్వాత చూస్తే తెలిసిందేంటంటే, ఎందుకు కావాలో రాయమనేసరికి సగంమంది తమకి అక్కర్లేదని వాళ్ళే తెలుసుకున్నారు.

ఇదంతా టెక్నికల్ భాగం, ఎలాగోలా చేసేశాం. నన్ను పీక్కుతిన్నది వేరే.

నేను తరవాత ఆ అమ్మాయి దగ్గరికెళ్ళి, "ఆ పేజీ రాసింది నేనే, మీటింగులో చెప్పాల్సింది, చెప్పలేదు, సారీ" అన్నా. "పర్లేదండీ" అంది. అంతే. లీడ్ కి కూడా చెప్పా, ఆయన కాస్త ఇబ్బందిగా నవ్వి "వదిలెయ్, అయిపోయిందిగా" అన్నాడు. కానీ అవలేదు. రెండు నెలల తరవాత ఇంకో కుర్రాడి బిల్డ్ లాగులో పేమెంటు వాళ్ళ కీ ఒకటి పడి ఉండటం నేను అనుకోకుండా చూశా. తొమ్మిది రోజుల పాతది. అతనికి మొదటిరోజే తెలుసు. లాగ్ ఫైలు చెరపడానికి ప్రయత్నించి, పర్మిషన్ లేక ఊరుకున్నాడు. "ఎందుకు చెప్పలేదు బాబూ" అంటే, "మొన్న మీటింగులో నేనూ ఉన్నా కదన్నా" అన్నాడు.

దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఇది చిన్న సైజులో మా కథ. పెద్ద సైజులో చూడాలంటే ఊబర్ సంగతి ఉంది, అందరికీ తెలిసిందే. 2016లో దొంగలు వాళ్ళ గిట్‌హబ్‌లోకి దూరి, ఆ కోడులో దొరికిన అమెజాన్ కీ పట్టుకుని, 5 కోట్ల 70 లక్షలమంది రైడర్ల, డ్రైవర్ల వివరాలు పట్టుకుపోయారు. కోడులో కీ వదిలెయ్యడం ఇంజనీర్లు ఎవరైనా చెయ్యగల పొరపాటు. కానీ ఆ తరవాత కంపెనీ చేసింది చూడండి. దొంగలకి లక్ష డాలర్లిచ్చి నోరు మూయించింది. ఏడాది పాటు లోకానికి చెప్పలేదు, 2017 నవంబరులో బయటికొచ్చింది. 2022లో అమెరికా కోర్టు వాళ్ళ అప్పటి సెక్యూరిటీ పెద్దని దోషిగా తేల్చింది. తేల్చింది దేనికంటే దాచిపెట్టినందుకు. కీ పోయినందుకు కాదు. మా కుర్రాడు తొమ్మిది రోజులు దాచినదానికీ, దీనికీ మధ్య తేడా సైజులోనే ఉంది. రెండుచోట్లా మనిషి ఆలోచన ఒక్కటే, చెప్తే నా పని అయిపోతుంది.

పాస్‌వర్డ్ బయటపడ్డం ఆపలేం. ఎన్ని తాళాలు వేసినా ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఎక్కడో పెట్టేస్తారు. అప్పుడు రెండే లెక్కలోకొస్తాయి. పెట్టిన మనిషి ఎంత తొందరగా నోరు తెరిచి చెప్పాడు, మనం ఎంత తొందరగా మార్చగలిగాం. మొదటిది మన నోటి మీద ఆధారపడి ఉంటుంది, రెండోది మన పని మీద. ఆ రాత్రి ఆ అమ్మాయి తనకి తెలీకుండానే అందరికీ కనిపించేలా పెట్టింది కాబట్టి, మాకు నిమిషంలో తెలిసింది. మేం దానికి ఎలాంటి బహుమతి ఇచ్చామంటే, రెండోవాడు తొమ్మిది రోజులు దాచుకున్నాడు.

2012లో ఎట్సీ కంపెనీలో జాన్ ఆల్‌స్పా తప్పెవరిదని వెతక్కుండా ఏం జరిగిందో తెలుసుకోవడం గురించి రాశారు. మన కంపెనీలన్నీ ఆ పేరుతో మీటింగులు పెడతాయి, మాకూ ఉంది. "బ్లేమ్‌లెస్" అని పైన రాసుంటుంది, కింద మొదటి కాలమ్ "హూ" :) కాలమ్ పేరు మార్చడానికి టూలులో పర్మిషన్ లేదట.

వికీ పేజీ మళ్ళీ రాశా. ఇప్పుడు మొదట ఉన్నది విలువ చూపించని కమాండు. విలువ తెచ్చేది ఎక్కడో అడుగున, తెర మీద పడకుండా నేరుగా వేరియబుల్లోకి పోయే పద్ధతిలో ఉంది. అన్నిటికన్నా పైన రెండు లైన్లు రాశా. "పొరపాటున ఏ రహస్యమైనా ఎక్కడైనా పెట్టేస్తే, ఎంత రాత్రైనా సరే వెంటనే ఫోన్ చెయ్యండి. ఎవరూ ఏమీ అనరు." కింద నా నెంబరు.

రాయడం తేలికే. పోయిన నెల రాత్రి పదకొండున్నరకి ఫోనొచ్చింది. ఒకతను స్క్రీన్‌షాట్ తీసి క్లయింటుకి పంపాడు, అందులో ఒక మూల పాస్‌వర్డ్ కనిపిస్తోంది. నిద్ర మధ్యలో లేచా, "నీకసలు..." అని నోటిదాకా వచ్చేసింది. నిజం చెప్తున్నా, వచ్చింది. మింగేసి "సరే, ఏ డేటాబేసు?" అన్నా. పన్నెండు నిమిషాల్లో మార్చేశాం. ఒకే ఒక్క సర్వీసు రీస్టార్ట్ చెయ్యడం మర్చిపోయాం, అది పొద్దున్న దొరికింది.

ఫోన్ పెట్టేసే ముందు అతను "థాంక్సన్నా, తిడతావనుకున్నా" అన్నాడు. తిట్టేవాణ్ణే, ఆ పేజీ మీద నా నెంబరు నేనే రాసుండకపోతే.